నాయిన అరచెయ్యి

శనివారం, రాత్రి

అంతరిక్ష నౌక భూమికి తిరిగొస్తుంటే మన ఇస్నాపూర్ మీద కనవడ్తదని మా ఆకాశం చూసేటోళ్ల గ్రూపుల చెప్పిన్రు. పొద్దుగూకంగనే నాయినను మిద్దె మీదికి తోల్కపోయి, ఫోన్ స్టాండుకు పెట్టిన. ఫ్యాక్టరీ చిమ్నీ పక్కకెల్లి తెల్లటి మంట గీత లెక్క సాగింది. ఎంటనే నాయిన నా కండ్లకు అరచెయ్యి అడ్డం పెట్టిండు.

"సూడకు బిడ్డా, కండ్లు పోతయ్!"

వెల్డింగ్ చేసేటోడు కదా, గసొంటి ఎలుగు కనవడితే చెయ్యి దానంతటదే లేస్తది.

కోపమొచ్చింది, నవ్వొచ్చింది. వీడియో మాత్రం కిరాక్ వచ్చింది. అండ్ల చివరికి "అబ్బ, ఎంత మంచిగున్నది!" అని ఆయన గొంతు. నన్ను చూడనియ్యలే గని, తను రెప్ప కొట్టకుండ చూసిండు.

ఇప్పుడు, పనిల ఎర్రబడ్డ కండ్లల్ల మందు చుక్కలేస్కుంటున్నడు. వెల్డింగ్ అద్దం పెట్టుకోమంటే ఉడుకపోస్తదంటడు. పని కాడ ఆ కండ్లకు ఎవరు చెయ్యి అడ్డం పెడ్తరు?