బతికిన చేపలు

సున్-ఓక్ అక్కకు,

నీకు ఫోన్ చేసినా బావే ఎత్తి పెట్టేస్తున్నాడు. అందుకే ఈ ఉత్తరం. మన వాగు చేప హేరిన్‌కు ఇక పెట్టకు. నీ కూతురు కడుపుతో ఉంది, ఇప్పుడు ఐదో నెల.

"చేపలు బతికి తిరుగుతుంటే నీళ్ళల్లో విషం ఎక్కడిది తల్లీ? ఇదేనా నీ చదువు?" అని బావ అందరి ముందూ నవ్వాడు. నా భయమంతా అవి బతికినందుకేనక్కా. రంగుల మిల్లు నీళ్ళు కలిసిన కొత్తలో చేపలు దాదాపు అన్నీ చచ్చాయి. విషాన్ని తట్టుకున్న కొన్ని మాత్రం మిగిలి పిల్లల్ని పెట్టాయి. ఇరవై ఏళ్ళలో వాగంతా వాటి సంతానమే అయింది. ఆ విషం వాటినేమీ చేయదు, కానీ వాటి కండలో పేరుకుపోయి ఉంది. నిన్న ల్యాబ్‌లో పరీక్షించిన ప్రతి చేపలోనూ అదే తేలింది. మనం వాటిలా మారలేదు కదా.

బావను మాత్రం తిట్టకు. "చేపలు తిరిగొచ్చాయి, వాగు బాగుపడింది" అని పోయినేడు ఊళ్ళో మొదట చెప్పింది నేనే. సంతోషం పట్టలేక, పరీక్ష చేయకుండానే చెప్పాను. ఆ రోజు నువ్వు వండిన పులుసు హేరినూ నేనూ పోటీపడి తిన్నాం.

వచ్చే శుక్రవారం హేరిన్‌ను తీసుకుని సియోల్ ఆస్పత్రికి రా. నేనూ పరీక్షకు రక్తం ఇవ్వాలి. ఒక్కదాన్నే వెళ్ళలేనక్కా.

నీ చెల్లి