నా ఫైలు ఇవ్వకండి

లాయరు గారికి నమస్కారం.

విడాకుల కేసు ముగిసినా నా ఫైలు నాకివ్వలేదని పోయిన నెల మీ ఆఫీసులో రభస చేసింది నేనే. “కేసు మీదేనమ్మా, ఫైలు మాత్రం మాది” అన్నాడు మీ గుమస్తా. నా సంసారం గొడవ నాకే చూపించరా అని ఒంటికాలి మీద లేచాను.

విసవిసా మెట్లు దిగుతుంటే పై అంతస్తులో ఉన్న తన లాయరు ఆఫీసులోంచి మా ఆయన, అంటే అప్పటికి మాజీ, మొహం మాడ్చుకుని వస్తున్నారు.

“నీకూ ఇవ్వలేదా?” అన్నారు.

“మీకూనా?” అన్నాను.

అక్కడే కూర్చుని ఇద్దరం లాయర్లను కడుపారా తిట్టుకున్నాం. మేమిద్దరం ఒక్క మాట మీద నిలబడడం అదే మొదలు. తిట్లు కాఫీకి, కాఫీ కబుర్లకి దారితీశాయి. వచ్చే వారం మాకు మళ్ళీ పెళ్ళి.

ఇప్పుడాయన “నీ ఫైలు తెచ్చుకో, కలిసి చదివి నవ్వుకుందాం” అంటున్నారు. ఆయన గురించీ, అత్తగారి గురించీ నేనేమేం చెప్పానో మీకు తెలుసు. అందుకని నా అర్జీ వెనక్కి తీసుకుంటున్నాను. ఆయన కాళ్ళావేళ్ళా పడినా ఇవ్వకండి. మీ గుమస్తా మాటే న్యాయం.

అన్నట్టు, పై అంతస్తు లాయరు గారు మీ స్నేహితులే కదా. మా ఆయన ఫైలులో నా గురించి ఏం రాసుందో కాస్త కనుక్కుని చెబుతారా?

ఇట్లు,
మీ పాత క్లయింటు