అరుగు ఎత్తు బండి

చల్లపల్లి,
నవంబరు 1997.

ప్రియమైన తమ్ముడు హబీబ్‌కి, ఆపా దువాలు.

నీ ఉత్తరం అందింది. మన అబ్బా తోలిన డాడ్జి బండిని మళ్ళీ బయటికి తీశానని రాశావు. దాన్ని ఏనాడో పాత ఇనుము కింద అమ్మేసి ఉంటావనుకున్నాను. సంతోషం. కానీ మా అరుగు ఎత్తు నీకెందుకురా? ఆటోనగర్‌లో లారీల కింద కమాన్లు, ఆ స్ప్రింగు కట్టలు బిగించుకునేవాడివి, అరుగులు కట్టే పని ఎప్పుడు మొదలెట్టావు? సరే, అడిగావు కదా అని మీ బావ చేత దారంతో నేల నుంచి అంచు దాకా కొలిపించాను. ముడి వేసిన చోటు వరకూ మా అరుగు. దారం ఇందులోనే పెట్టాను, చూసుకో.

నేను కులాసా. ఇలా రాయటం అలవాటైపోయింది. డాబా మెట్ల మీంచి పడి రెండేళ్ళు కావస్తోంది. కూర్చుంటే వెన్నులో సూదులు గుచ్చినట్టుంటుంది కాబట్టి పడుకునే ఉంటాను. పడుకున్నదానికి కనిపించేది మిద్దె దూలాలు, వాటి మధ్య సాలెగూళ్ళు.

చిన్నప్పుడు కూడా పడుకునేవాళ్ళం కదరా, అబ్బా బండి వెనకాల, ఐసు పెట్టెల మీద గోనెపట్టాలు పరుచుకుని! హంసలదీవి దగ్గర చేపలెత్తుకుని బెజవాడ బయల్దేరితే, కళ్ళకెదురుగా తాటితలలన్నీ వెనక్కి పోతుండేవి. మబ్బు ఒక్కటే మనతో వచ్చేది. నీచువాసన వస్తున్నా నిద్ర ముంచుకొచ్చేది. మొన్న మధ్యాహ్నం కునుకులో మంచం అలాగే కదిలింది. కళ్ళు తెరిస్తే అవే దూలాలు. ఏడుపొచ్చింది.

ఎవరితోనూ అనలేదు, నీతో అంటున్నాను. కృష్ణ సముద్రంలో కలిసే చోటికి, ఆకాశం చూసుకుంటూ ఒక్కసారి పోవాలని ఉంది. కార్లో కాళ్ళు చాపుకునే వీలు లేదు, బస్సు సంగతి చెప్పక్కర్లేదు. డాక్టరేమో కుదుపు తగలకూడదంటాడు. ఈ గదిలోనే నా బతుకు తెల్లారిపోతుందేమోనని భయంగా ఉంది.

నీ
సైదా ఆపా

*

పటమట,
జనవరి 1998.

ప్రియమైన ఆపాకి, హబీబ్ సలాములు.

నీ దారం జేబులో వేసుకుని షెడ్డుకెళితే, బండికి మొలతాడు కట్టిస్తున్నావా అని అందరూ ఒకటే నవ్వు. నవ్వనీ. నిన్ను బండి ఎక్కించాలంటే నలుగురు కలిసి మంచం ఎత్తాలి. ఒక్కడి చెయ్యి జారిందంటే ఇంకేమన్నా ఉందా? అందుకే నిన్ను బండి దాకా ఎత్తే పని లేకుండా, బండినే నీ అరుగు దాకా దించేశాను. వెనక తలుపు దించితే సరిగ్గా అరుగంచుకి ఆనుతుంది. పరుపుతో సహా లోపలికి జరపటమే.

ఇరుసు ఇదివరకు కమాను కట్టల కింద ఉండేది. దాన్ని కట్టల పైకి మార్చాను. బండి నేలకి కరుచుకుని, పొదిగే కోడిపెట్టలా కూర్చుంది. కానీ ఒకందుకు పోతే ఇంకొకటొచ్చి పడింది. ఇరుసుకీ పైనున్న చాసిస్‌కీ మధ్య బెత్తెడు జాగా మిగల్లేదు. గతుకు తగిలితే చాలు, ఇరుసు లేచి ఠంగుమని గుద్దుతోంది. బెంజి సర్కిల్ దాకా తోలేసరికి నా పళ్ళన్నీ కదిలాయి!

కమాను పట్టీలు విప్పి చూస్తే తుప్పు పట్టి ఒకదాన్నొకటి కరుచుకుని ఉన్నాయి. రుద్ది, గ్రీజు పూసి, మెత్తగా ఊగాలని కొన్ని పట్టీలు తీసేశాను. పక్క షెడ్డు వెల్డరు లాజరు తోలుతుంటే నేను వెనకాల పడుకుని కాలవ కట్ట మీద గన్నవరం దాకా వెళ్ళాను. నమ్ముతావా, నిద్రపట్టేసింది! గన్నవరంలో లాజరు లేపితే అబ్బా లేపాడనుకున్నాను.

హంసలదీవిలో మాఘ పౌర్ణమి తిరునాళ్ళ జనం పల్చబడ్డాక వస్తాను. సిద్ధంగా ఉండు.

నీ తమ్ముడు
హబీబ్

*

పటమట,
ఏప్రిల్ 1998.

ప్రియమైన ఆపాకి,

ఎన్ని ఉత్తరాలు రాసినా జవాబు లేదు. నొప్పి తగ్గుతోందని బావ ఫోన్లో చెప్పాడు గానీ, నీ చేత్తో రాస్తే తప్ప నాకు మనసు కుదుటపడదు.

నిన్నెక్కించుకుని బయల్దేరిన రోజు మీ ఊరి చివర తూము దగ్గర ఆ చప్పుడు, వెంటనే నీ కేక ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. ఎండ పడకుండా కేబిన్ వెనక అద్దానికి చీర కట్టారు కదా, నాకేమీ కనిపించలేదు. బండి ఆపి దిగేసరికి చుట్టూ జనం మూగి ఉన్నారు. ఎక్కడ కొట్టిందో కూడా చూడకుండా నిన్ను ఇంటికి చేర్చాను.

నాకెంతకీ అంతుపట్టటం లేదు ఆపా. నేను పడుకుంటే ఉయ్యాలలా ఊగిన బండి, నాకంటే తేలికైన నిన్నెక్కించుకుని ఎందుకలా కొట్టింది? రోజూ దాని కింద దూరి చూస్తున్నాను. అన్నం సయించటం లేదు. తిట్టయినా సరే, రాయి.

నీ
హబీబ్

*

చల్లపల్లి,
జూన్ 1998.

ప్రియమైన హబీబ్‌కి,

నీ మీద కోపం దేనికిరా, పిచ్చి వెధవా! మొన్నటిదాకా కలం పట్టుకునే ఓపిక లేదు. అదొకటి. నిజం చెప్పటానికి మొహమాటం. అది రెండోది.

బండి ఆగినప్పుడు చుట్టూ మూగారన్నావే, వాళ్ళు దారినపోయేవాళ్ళు కారు. బండిలోంచి దిగినవాళ్ళు.

నువ్వు నన్ను పడుకోబెట్టి ముందుకెళ్ళి స్టార్టు చేస్తున్నావు. ఇంతలో మా ఎదురింటి మాణిక్యమ్మ పులిహోర గిన్నెతో వచ్చింది. ‘రెండేళ్ళకి గడప దాటుతోంది, సైదమ్మని ఒంటరిగా పంపిస్తామా’ అని లోపలికి అడుగేసింది. ఆమె వెనక శౌరమ్మ, మనవరాలు. ఆ వెనక సంపూర్ణమ్మ మంచినీళ్ళ బిందెతో, ఆమె తోడికోడలు, ఆవిడ చెల్లెలు. చివర ఎక్కినావిడే వెనక తలుపు ఎత్తి గొళ్ళెం పెట్టేసింది. మామూలు బండయితే ఎక్కటానికి ఆయాసపడి మానేసేవాళ్ళు. నీది అరుగు ఎత్తు బండాయె! ఎక్కక్కర్లేదు, నడిచొస్తే చాలు.

దిగండమ్మా అని ఎలా అనను? ఈ రెండేళ్ళూ నాకు తల దువ్వింది మాణిక్యమ్మ. పక్కబట్టలు మార్చింది శౌరమ్మ. సంపూర్ణమ్మ వాళ్ళింట్లో ఏం వండినా నా వాటా వేరే తీసిపెడుతుంది. మొహమాటానికి పోతే ఏదో అయిందని సామెత ఉందిగా, నాకు నడుం పోయింది.

పాపం, వాళ్ళు నాకంటే ఎక్కువ ఏడ్చారు. మా బరువే నీకు చేటయిందని శౌరమ్మ నాలుగు రోజులు మొహం చాటేసింది. అదే నాకు ఎక్కువ నొప్పి. వాళ్ళు లేకుండా నేను కదల్లేను, వాళ్ళతో కదిలితే నీ బండి కొడుతుంది. ఇంక చాలు. బండి అమ్మెయ్యి. నాకు సముద్రం వద్దు.

నీ
ఆపా

*

పటమట,
ఆగస్టు 1998.

ప్రియమైన ఆపాకి,

అమ్మను.

నీ ఉత్తరం చదివి ముందు పడీ పడీ నవ్వాను, తర్వాత బండి కింద కూర్చుని ఏడ్చాను. ఒక్క మనిషి కోసం కట్టలు పల్చన చేశాను నేను. ఎక్కింది వీధి వీధంతా!

ఆ ఏడుపులోనే అబ్బా మాట గుర్తొచ్చింది. బెజవాడలో చేపలు దించాక తిరుగుబండిలో మనల్ని వెనకాల పడుకోనిచ్చేవాడు కాదు, కేబిన్లోనే కూర్చోబెట్టేవాడు. మనం మారాం చేస్తే ఏమనేవాడు? ‘ఖాళీ బండి తంతుందిరా, సరుకెక్కాక పడుకుందురుగాని.’ మనకి నిద్రపట్టిన ఆ మెత్తదనం బండిది కాదు ఆపా. ఐసుదీ, చేపలదీ. బరువు కూర్చుంటేనే గట్టి కమాను మెత్తబడుతుంది. ఇన్నేళ్ళు ఈ పని చేస్తూ, ఇంట్లో బండి దగ్గరికొచ్చేసరికి మర్చిపోయాను.

ఇరుసుకి సరిగ్గా పైన చాసిస్‌ని అర్ధచంద్రంలా కోయించాను. బలం తగ్గకుండా లాజరు మందపాటి ప్లేటు వేసి వెల్డింగు చేశాడు. ఇప్పుడు ఇరుసు పైకి లేచినా గుద్దటానికి ఏమీ లేదు. పొట్టి షాక్ అబ్జార్బర్లు వేశాను. తీసేసిన పట్టీలన్నీ మళ్ళీ ఎక్కించాను. బరువు కూర్చుంటే బండి కాస్త దిగుతుంది కాబట్టి, అందరూ ఎక్కాకే నీ దారం దగ్గరికి వచ్చేట్టు సరిచేశాను. ముందు వాళ్ళు, చివర్న నువ్వు.

ఒక్కటే ఇబ్బంది. ఖాళీగా తోలితే గాడిదలా తంతోంది. ఇసుక మూటలు వేసుకొద్దామా అన్నాడు లాజరు. ఇసుక మూటలు పులిహోర తెస్తాయా అన్నాను. కాబట్టి నా షరతు విను. మీ వీధిలో ఒక్కరు తగ్గినా బండి కదలదు. శౌరమ్మ గారికి ఈ ఉత్తరం చదివి వినిపించు.

వానలు వెళ్ళాక వస్తాను.

నీ
హబీబ్

*

కోడూరు దాటాక, బండిలోంచి,
డిసెంబరు 1998.

ప్రియమైన డ్రైవరు గారికి,

నువ్వు అద్దానికి అవతల, నేను ఇవతల. ఎంత పిలిచినా ఇంజను హోరులో నీకు వినపడదు. అందుకే అట్ట మీద కాగితం పెట్టుకుని, పడుకునే రాస్తున్నాను. బండి ఆగాక శౌరమ్మ మనవరాలు తెచ్చిస్తుంది. నా అక్షరాలు చూడు, మంచం మీద రాసినట్టే ఉన్నాయి. పైన ఒకచోట గీత పక్కకి పోయింది గానీ అది గతుకు కాదు, మాణిక్యమ్మ మోచెయ్యి.

రాత్రంతా భయంతో నిద్రలేదు. తూము దగ్గరికొచ్చేసరికి కళ్ళు మూసుకున్నాను. ఎవరెవరివో చేతులు నా చేతుల్ని పట్టుకున్నాయి. బండి ఒక్కసారి మెల్లగా దిగి, మెల్లగా లేచింది. ‘అయిపోయిందా? అంతేనా?’ అంది సంపూర్ణమ్మ. ఆ తర్వాత నవ్వులే నవ్వులు. శౌరమ్మ మాత్రం నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడు మాటలు సద్దుమణిగాయి. ఒక్కొక్కళ్ళే ఒరుగుతున్నారు. శౌరమ్మ తల నా భుజం మీద ఉంది. నాకెదురుగా తాటితలలు వెనక్కి పోతున్నాయిరా హబీబ్, అవే తాటితలలు! చిన్న మబ్బొకటి చల్లపల్లి నుంచీ మనతోనే వస్తోంది. ఉప్పుగాలి మొదలైంది. ఇది కునుకేమోనని ఇందాక కళ్ళు గట్టిగా మూసి తెరిచాను. దూలాలు లేవు.

నిదానంగా తోలు. సముద్రం ఎక్కడికీ పోదు.

ఇంకొక మాట. తిరిగొచ్చేటప్పుడు అవనిగడ్డలో చుట్టాలింటి దగ్గర దిగిపోతానంటోంది సంపూర్ణమ్మ. దింపావంటే ఊరుకోను. ఆమె దిగితే బండి తంతుంది.

నీ
సైదా ఆపా