జాగా తాత మూత బిగించాడు

నా తల్లి సోమ్‌జిత్‌కి చుమ్‌ఫే నుంచి అమ్మ ముద్దులతో,

ఫోనైతే నీ కూతురు తిప్ చెవిన పడుతుంది, అందుకే ఉత్తరం. పద్నాలుగేళ్ళ పిల్లకి నిద్ర పట్టడం లేదే! తెల్లవార్లూ దొర్లుతుంది, పగలు మామిడికాయ పుల్లగా ఉందని ఏడుస్తుంది. నిన్న బాతుతో పోట్లాడి, గంటాగి క్షమాపణ చెప్పింది. తిప్ పరీక్షలు బాగా రాయాలని నెల నుంచి మన పెరటి గూట్లో ఉండి ఇంటి జాగాని కాచే దేవుడికి, అదే మన జాగా తాతకి, ఎర్ర సోడా నైవేద్యం మాన్పించి ఎనర్జీ డ్రింకు పెడుతున్నాను. ఒక్కటి చాలక అలిగాడేమో! రేపటి నుంచి రెండు.

నీ అమ్మ, బున్‌లై

తా.క. తాతకి తెగ నచ్చింది. నలభై ఏళ్ళలో ఎర్ర సోడా గుక్కెడు తగ్గలేదు. ఇది సాయంత్రానికి ఖాళీ!

అమ్మకి మహాచాయ్ నుంచి దండాలు.

నిద్ర లేదు, ఏడుపు, బాతుకి క్షమాపణ. ఇది దేవుడి పని కాదు, కుర్రాడి పని. ఎవడో కనుక్కో. నెలాఖరుకి కుదుటపడకపోతే తిప్‌ని నా గదికి తెచ్చేసుకుంటాను.

సోమ్‌జిత్

తా.క. ఈ ఉత్తరం నాలుగుసార్లు చించి రాశాను. చేపల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు గట్టిగా తుమ్మాడని ఏడుపొచ్చింది.

మొండి కూతురికి,

తీసుకుపోతానని రాయడానికి చెయ్యెలా వచ్చిందే? అది లేకపోతే జిగురన్నం ఎవరికి వండను? మన గుమ్మంలోకి వచ్చే మగవాడు పోస్టుమాన్ ఒక్కడే. నీ ఉద్దేశమేమిటని నిలదీశాను. అరవై ఏళ్ళ మనిషి, మళ్ళీ ఈ వీధికి రాలేదు. ఇక నీ ఉత్తరాలు నేనే వెళ్ళి తెచ్చుకోవాలి. పిల్లకి ఇప్పుడు గుండె దడ కూడా. తాతకి నాలుగు సీసాలు చేశాను.

అమ్మ

తా.క. తాగాక మూత బిగించి పెడుతున్నాడు. ఎంత శుభ్రమైన దేవుడో!

అమ్మా!

దేవుళ్ళు మూతలు బిగించరు! గూటి దగ్గర కాపు కాయి. నెలాఖరున వస్తాను, దాని బట్టలు సర్ది ఉంచు.

సోమ్‌జిత్

బంగారు తల్లికి,

నీళ్ళ కుండ వెనక నక్కి చూశాను. బడి నుంచి వస్తూనే తిప్ గూటి ముందు మోకరిల్లి, "తాతా, అగరొత్తి అయిపోయింది, తీసుకోనా?" అని గటగటా తాగేసింది. చెవి పట్టుకుంటే, "అగరొత్తి ఆరాక అడిగి తీసుకోవచ్చని నువ్వే కదా అమ్మమ్మా చెప్పావు!" అంది. నేనే చెప్పాను. చేతులారా పిల్లకి పట్టించింది నేనేనమ్మా. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇప్పుడు తాతకి కొబ్బరినీళ్ళు. మూడు రోజులు పిల్ల తలనొప్పితో నన్నూ తాతనీ తిట్టింది. నాలుగో రోజు అన్నం తిని పడుకుంటే, పొద్దున కోడి కూసినా లేవలేదు. లేచి నవ్వింది. నన్నెంతైనా తిట్టు, దాన్ని మాత్రం తీసుకుపోకు.

అమ్మ

అమ్మకి,

నీ ఉత్తరం క్యాంటీన్లో చదివి, నా చేతిలోది చూసుకున్నాను. అదే సీసా. డబుల్ డ్యూటీ మొదలైనప్పటి నుంచి రోజుకి మూడు తాగుతున్నానే అమ్మా! తిప్ ఎక్కడికీ రాదు. నేనే వస్తున్నాను, పదిరోజులు సెలవు పెట్టాను. మీ ఇద్దరి పక్కన నాకూ ఒక చాప వెయ్యి.

నీ సోమ్‌జిత్

తా.క. మొదటి మూడు రోజులు నేనేమన్నా పట్టించుకోకు. తిప్‌ని అడుగు, ఎందుకో అదే చెబుతుంది.