రన్‌వే మీద ఓడ

మంగళవారం, ద్వారక

మా ఆయన పనిచేసే ఓడ ఈ సాయంత్రం ఫోన్‌లో, ఓడలెక్కడున్నాయో చూపించే యాప్‌లో, ఏదో ఎయిర్‌పోర్టు రన్‌వే మీద కనిపించింది. నిన్నటి నుంచి ఆయన ఫోన్ రాలేదు. చిన్ని మాత్రం నాన్నని తీసుకురావడానికి బూట్లేసుకుని గుమ్మంలో నిలబడింది. "మమ్మీ, పాపా ఎయిర్‌పోర్ట్ పే హై! చలో నా!"

కంపెనీకి ఫోన్ చేశాను. "ఓడ ఉన్న వైపు యుద్ధం కదా మేడమ్, జీపీఎస్ సిగ్నల్ చెడగొడుతున్నారు. ఓడలన్నీ తప్పు చోటే కనిపిస్తాయి. టెన్షన్ మత్ లీజియే, కంగారేం లేదు," అన్నాడు ఆఫీసతను. అచ్ఛా అన్నాను. ఏడుపేమీ రాలేదు. వెళ్లి కుక్కర్ పెట్టాను.

మాకు ఫోన్ తప్పు చూపిస్తే చూపించింది. చీకట్లో ఆ ఓడ నడిపేవాళ్ల ముందున్న స్క్రీన్ కూడా ఇదే చూపిస్తుంటే?

చిన్ని బూట్లతోనే నిద్రపోయింది. విప్పబుద్ధి కాలేదు.