కెప్టెన్ వంగిన రోజు

చాచాక్, సెర్బియా
మంగళవారం

నాన్నా, కులాసాగా ఉన్నాను. నా మోకాలి నొప్పి తగ్గిందని అమ్మకి చెప్పు.

మొన్న ఆదివారం నన్ను మా బాస్కెట్‌బాల్ జట్టుకి కెప్టెన్‌ని చేశారు. ఈ క్లబ్బులో టర్కీవాడికి ఆ గౌరవం దక్కడం ఇదే మొదలు. ముసలి కోచ్ రాదివోయె నా చేతిలో బంతి పెట్టగానే, మన ఊళ్లో పెద్దలకి చేసినట్టే అలవాటు కొద్దీ వంగి ఆయన చెయ్యి ముద్దాడి నుదుటికి ఆనించుకున్నాను. ఆయన ముఖం మిరపపండులా ఎర్రబడింది.

"ఎవడ్రా నీకిది నేర్పింది?"

"మా నాన్న, సార్."

"అయితే ఆయనకి రాయి. ఆట నేను నేర్పగలను గానీ, ఇది నా వల్ల కాదన్నానని."

అప్పట్నుంచి జట్టువాళ్లు "ఒరే మనవడా, ముద్దు పెట్టు" అంటూ చేతులు చాపి ఏడిపిస్తున్నారు.

మన గిరెసున్‌లో వానలు పడ్డాయా? తోటలో హేజల్‌నట్ కాపు ఎలా ఉంది? అమ్మ చేత ఒక జత ఉన్ని మేజోళ్లు అల్లించు. నా పాదం కొలత మరిచిపోయి పోయినసారి చిన్నవి పంపింది.

ఉత్తరం చివర "మీ చెయ్యి ముద్దాడుతున్నాను" అని రాయడం మన ఆనవాయితీ. ఈసారి రాయను. నేను ఇల్లు కదిలిన రోజు "బంతాట కూడా ఒక బతుకేనా" అని నువ్వు చెయ్యి వెనక్కి లాక్కున్నావు. బైరాం పండక్కి వస్తున్నాను నాన్నా. చెయ్యి ఇస్తావుగా?

నీ కోరాయ్