చేతులు కడిగే కాడి రాయి

నాయనా,

నీకు షుగరని తెలిసినప్పుడు, రోజూ తిన్నదంతా రాసుకోమనె నంద్యాల డాక్టరు. పుస్తకం నీకు సరిపడలా. ఆళ్లగడ్డ ఇంట్లో చేతులు కడిగే కాడున్న రాయిమీద, బొమ్మలు చెక్కే ఉలితోనే కొడతాంటివి. సంగటికి గీత, అన్నానికి చుక్క. కడదాకా ఒక్కపూట తప్పలేదు. ఆ చప్పుడు ఇనంగానే అమ్మ నీ మాత్రకు నీళ్లు తెస్తాండె.

నువ్వు పోయి ఈ పొద్దుకు ఏడాది. ఇప్పుడు షుగరు నాకూ వచ్చింది. ఫోన్లో రాసుకునేది వారానికే ఇడ్సిపెట్టినా. అందుకే మధ్యాన్నం సంగటి తిని, నీ ఉలి తీసుకొని, నీ గీతల పక్కన ఒక గీత కొట్టినా.

ఆ చప్పుడుకు లోపల పండుకున్న అమ్మ లేసింది.

"తిన్యావా అప్పా? ఉండు, మాత్రకు నీళ్లు తెస్తా."

చెంబుతో గడప కాడికొచ్చి, నన్ను చూసి నిలబడిపోయింది.

"రాత్రికి కూడా కొట్టు పాపా," అనింది.